వేంగిదేశపు ఆటలలో వంతుధర్మము

ఏలూరునకు ఉత్తరముగా కొలది క్రోసుల దూరమున, నేడు నిమ్మతోటలకును ఆయిల్‌పామ్ తోటలకును పేరుమోసిన పెదవేగి గ్రామము, ఒకప్పుడు శాలంకాయనులకు రాజధానియైన వేంగీపురమని చరిత్రకారులు నిర్ణయించియున్నారు. ఆ పురము పేరే దేశమునకు పేరైనది. ఆ దేశమును 7వ శతాబ్దినుండి ఏలిన తూర్పు చాళుక్యుల వంశమున జనించిన రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున కొలువుదీఱియుండగా, నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప నారంభించి, ఆదిసభాపర్వములను ముగించి, అరణ్యపర్వమున కొంతభాగము రచించెను. ఆ సభాపర్వములోని ద్యూతఘట్టమును చదువునపుడు ధర్మరాజు వ్యసనమును, శకుని కపటమును, ద్రౌపది పరాభవమును తలచి పరితపింతుమే గాని, ఆ ఘోరమంతయు ఒక ఆటయొక్క వరుసను గూర్చిన ప్రశ్నమీద నిలిచియున్నదని మనము తఱచుగా గమనింపము.

రెండు తావుల ఆ ప్రశ్న పొడసూపుచున్నది. మొదటిది, పణమొడ్డువాడు దుర్యోధనుడు కాగా పాచికలు వేయువాడు శకుని యగుట. ఒకని వంతును వేఱొకడు పుచ్చుకొని యాడుట విషమమని ధర్మరాజు ఆటకు ముందే ఆక్షేపించెను, ఆక్షేపించియు ఆడెను. రెండవది అంతకంటె గహనమైనది. ధర్మరాజు తమ్ములను ఒడ్డి, పిదప తన్ను దాను ఒడ్డి ఓడిన తరువాతనే ద్రౌపదిని ఒడ్డెను. తన్ను ముందుగా ఓడినవానికి ఆవల మఱియొకరిని పణముగా పెట్టు నధికారము మిగిలియుండునా యని ఆ సాధ్వి, తన్ను పిలువవచ్చిన ప్రాతికామిచేతనే సభకు ప్రశ్న పంపినది. ఏది ముందు, ఏది వెనుక యను నీ చిన్న భేదముపై ఒక మహారాజ్ఞి స్వాతంత్ర్యము నిలిచెను. ధర్మము సూక్ష్మమని భీష్ముడు తేల్చిచెప్పలేకపోయెను; వికర్ణుడు ఆ పణము చెల్లదని నిండుసభలో ఎలుగెత్తి పలికెను. పందెపుటాటలలో వరుస తప్పుట కేవలము మర్యాదాలోపము కాదనియు, హక్కులనే తాఱుమాఱు చేయగల విషయమనియు మన పూర్వులు గ్రహించియుండిరనుటకు ఇంతకంటె సాక్ష్యము వేఱొకటి యక్కఱలేదు.

ఆటకు సామగ్రి వేఱు, ప్రాణము వేఱు. పాచికలు, గవ్వలు, చింతపిక్కలు, పేకముక్కలు సామగ్రి. ఎవడు ముందు, ఎవడు తరువాత, వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియును, ముగిసిన పిమ్మట చేసినది చెల్లునా చెల్లదా యను నిబంధనలే ప్రాణము. ఈ విషయమును గూర్చి వేంగిదేశమునందే వ్రాయుటకు కారణము కలదు. ఇది వంతుల దేశము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత గోదావరి పశ్చిమడెల్టా కాలువలు తాడేపల్లిగూడెపు సీమమీదుగా ఏలూరువఱకు ప్రాకి, కొల్లేటి యంచుననున్న శివారు భూములకు నీరందించినవి. నదిలో నీరు తఱిగిన దాళ్వా కాలమున నేటికిని వంతులవారీగానే కాలువలకు నీరు విడుతురు. తలభాగపు రైతునకు వంతు ఒక సదుపాయము; శివారు రైతునకు వంతు పంటయే. వరుసలో తన చోటు ఎక్కడనున్నదో, తనకు ముందున్నవాడు ఏమి వదలునో కనిపెట్టి బ్రదుకు నేర్చినవారు ఈ డెల్టావాసులు. వారి యాటలయందును ఆ నేర్పు తగ్గలేదు.

మన ఇంటియరుగుల ఆటలలో అష్టాచెమ్మను ముందుగా చెప్పవలయును. అయిదు వరుసల అయిదు గళ్ల పటము సుద్దతోనో బొగ్గుతోనో గీచి, నాలుగు గవ్వలను గుప్పిట గలగలలాడించి వేయుదురు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట. ఈ రెండింటిలో ఏది పడినను ఆటగానికి మఱల గవ్వలు వేయు హక్కు కలుగును. ఎదుటివాని కాయను కొట్టినను అంతే. ఇంతవఱకు అదృష్టపు సంగతియే. కాని పెద్దలు ఇచ్చట ఒక అడ్డుకట్ట వేసియున్నారు: అట్టి పెద్దపందెము వరుసగా మూడుసార్లు పడినచో ఆ మూడును మురిగిపోవును. అదృష్టము ఒకనినే వరించి, తక్కినవారిని కూర్చుండబెట్టి, వంతును తన సొత్తుగా చేసికొనరాదని దీని తాత్పర్యము. మఱియు, ఎదుటివాని కాయ నొక్కటియైనను చంపనిదే లోపలి గళ్లలో ప్రవేశము లేదు. ఎంత పెద్ద పందెములు పడినను వెలుపలి వరుసలోనే ప్రదక్షిణము చేయుచుండవలయును. ఈ రెండు నిబంధనలును లేకపోయినచో అష్టాచెమ్మ కేవలము గవ్వల లెక్కయై యుండెడిది.

వామనగుంటలయందు వంతుయొక్క పరిమాణమే ఆటగాని బుద్ధిపై నాధారపడియున్నది. ఇరుప్రక్కల ఏడేసి గుంటలు గల పీటపై, ఒక గుంటలోని పిక్కలను తీసి వరుసగా ఒక్కొక్కటి పంచుచు పోగా, చేతిలోని పిక్క లైపోయిన తరువాతి గుంటలో పిక్కలున్నచో వాటిని తీసి మఱల పంచవలయును. ఖాళీగుంట తగిలినప్పుడు దాని ఆవలి గుంటలోనివి గెలుచుకొనుటతో వంతు ముగియును. ఏ గుంట నెత్తిన తన వంతు ఎంతదూరము సాగునో మనసులోనే లెక్కించుకొను ముత్తవల వేగమును చూచి గణితము చదివిన మనుమలు విస్తుపోయిన యిండ్లెన్నియో కలవు. పులిమేకలో మూడు పులులు, పదునైదు మేకలు. పులికి ఆదినుండియు కదలు స్వేచ్ఛ కలదు గాని, మేకలన్నియు పటముపైకి దిగువఱకు ఏ మేకయు కదలరాదు. బలవంతునికి వేగమును, బలహీనునకు సంఖ్యను ఇచ్చి, ఆ సంఖ్య కూడువఱకు ఓర్పు వహింపుమని శాసించిన ఈ కాలనియమము లేనిచో ఆ ఆట నాలుగెత్తులలోనే తేలిపోయెడిది. ఆలయమంటపముల నేలబండలపై చెక్కియున్న ఈ పటములు దక్షిణదేశమున పెక్కుచోట్ల కనబడును. కాలి క్రింద అవి అరిగిపోవుచున్నను పట్టించుకొను నాథుడు లేకపోవుట శోచనీయము.

ఇక ముక్కల యాటలు. గంజీఫా యను ముక్కల యాట పారసీక దేశమునుండి వచ్చినది. బాబరు 1527లో సింధుదేశమునందలి మిత్రునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొనెను. అక్బరు కొలువులోని పండ్రెండు రంగుల ముక్కలను అబుల్ ఫజలు వర్ణించెను. ఆ ముక్కలు గుండ్రనివి, చేతితో చిత్రించి లక్కపూత పూసినవి. సామాన్యముగా వాడుకలోనుండినది ఎనిమిది రంగుల కట్ట. ఒక్కొక్క రంగునకు రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వఱకు అంకెలు, మొత్తము 96 ముక్కలు. హిందువులు దీనిని దశావతారములకు మార్చి 120 ముక్కల కట్టను కల్పించుకొనిరి. మన ఆంధ్రదేశమున కర్నూలు సీమలోని నొస్సము, తెలంగాణమున నిర్మలు ఈ ముక్కల చిత్రణమునకు ప్రసిద్ధికెక్కినవి. ఏలూరు కుతుబుషాహీల కాలమునను, ఆ తరువాత ఉత్తర సర్కారులలో నొక సర్కారుకు ముఖ్యపట్టణముగను ఉండి, పారసీకపు చేతిపనియైన తివాచీల నేతకు నేటికిని నిలయమైయున్న పట్టణము గనుక, ఆ సంస్కృతితోపాటు ఈ యాటయు ఇచ్చటి కొలువుకూటముల వఱకు వచ్చియుండునని భావించుట అసంగతము కాజాలదు.

గంజీఫాలో నన్ను మిక్కిలి ముగ్ధుని చేసినది ముక్కల సౌందర్యము కాదు, మొదటి వంతును నిర్ణయించు విధానము. పగలు ఆడునపుడు బంగారు నాణెపు రంగు రాజు ఎవరి చేతిలో నున్నాడో వారు ముందు ముక్క వేయవలయును. రాత్రి ఆడునపుడు వెండి నాణెపు రంగు రాజు గలవారు ముందు వేయవలయును. దశావతార గంజీఫాలో పగటివేళ శ్రీరాముని ముక్క గలవాడు, రాత్రివేళ శ్రీకృష్ణుని ముక్క గలవాడు ఆట నారంభింపవలయును. రాముడు సూర్యవంశజుడు, కృష్ణుడు చంద్రవంశజుడు; బంగారము సూర్యునకును వెండి చంద్రునకును గుఱుతులు. కావున ఆకాశమున ఎవని యధికారము నడచుచున్నదో నేలపై చాపమీద వాని ముక్కకే అగ్రతాంబూల మీయబడినదన్నమాట. ముందు వేయువానిని చీట్లు తీసియో, ఎక్కువ అంకె ముక్క వచ్చినవానిని ఎంచియో నిర్ణయింపవచ్చునుగదా! అట్లుగాక ఆటలోని ప్రాధాన్యమును కాలముతో ముడిపెట్టిన ఆ కల్పన ఎంతటి రసజ్ఞులదో! మఱియొక విశేషము: రంగులలో సగమింట పది పెద్దది, ఒకటి చిన్నది, తక్కిన సగమింట ఒకటి పెద్దది, పది చిన్నది. అన్ని ముక్కలు ఎవరి చేతినుండి ఎప్పుడు పడినవో జ్ఞప్తియందుంచుకొననివాడు ఈ యాటలో క్షణము నిలువజాలడు.

ఐరోపావారి నాలుగు రంగుల పేక ఎప్పుడు మన తీరమున దిగినదో తేదీ చెప్పలేము గాని, 1611లో మచిలీపట్టణమున ఆంగ్లేయుల వర్తకశాల వెలసినది. డచ్చివారు అక్కడను, పాలకొల్లునందును వర్తకము చేసిరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునాటికి పేకాట తెలుగువారి గృహజీవనములోని భాగమైపోయినది. మధురవాణి యింటి పేకాట ఎఱుగని తెలుగు పాఠకుడు అరుదు. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అను నాలుగు రంగులును పల్లెటూరి అరుగులమీద పలికినంత చనువుగా పట్టణపు క్లబ్బులలోను పలికినవి. ఆ తొలినాళ్ల ఆటలలో ఎక్కువభాగము ఎత్తుకు ఎత్తు వేసి గెలుచు జాతివి. ముందువాడు వేసిన రంగునే తక్కినవారు వేయవలయును. ఆ రంగు లేనివాడు తురుపు వేయవచ్చును. గెలిచినవానికి తరువాతి ముక్కను ముందుగా వేయు హక్కు దక్కును. వంతు ఇక్కడ వరుసగా తిరుగునది కాదు, జయించి పుచ్చుకొనునది.

తరువాత వచ్చినది రమ్మీ. వచ్చి తక్కిన ఆటలనన్నింటిని మూలకు నెట్టినది. దీని పూర్వరూపముగా చాలమంది యెంచు కాన్‌క్వియను నాట 19వ శతాబ్దిలో మెక్సికో, అమెరికా ప్రాంతములందు వాడుకలో నుండెను. 20వ శతాబ్ది ప్రథమార్ధమున ఆ జాతి ఆటలు లోకమంతట వ్యాపించినవి. భారతదేశమున పదమూడు ముక్కల రమ్మీ స్థిరపడినది. గోదావరి జిల్లాలలో ఇది వ్రేళ్లూనుటకు అనువైన పరిస్థితులు మిక్కుటముగా నుండెను. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు రైతునకు తీఱిక. 1890 ప్రాంతములలో వేసిన మదరాసు–కలకత్తా రైలుదారిమీద ఏలూరు, తాడేపల్లిగూడెము ముఖ్యమైన స్టేషనులు. 1925లో ఏలూరు పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైన పిమ్మట కచేరీలు, వకీళ్లు, ఉద్యోగులు, వారి సాయంకాలముల కొఱకు క్లబ్బులు వెలసినవి. సంక్రాంతి మూడురోజులును కోడిపందెముల బరులచెంత పేకశిబిరములు వెలయుట ఇచ్చటివారందఱు నెఱిగినదే. ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు నిత్యము రైలులో పోయివచ్చువారు ఎదురెదురుగా కూర్చుండి, మోకాళ్లపై తువ్వాలు పఱచి, భీమడోలు, పూళ్ల స్టేషనులు దాటినదే తెలియక ఆడిన ఆటలకు లెక్కలేదు. నడుమ దిగవలసినవాడు చేతిలోని ముక్కలను బోర్లించి, మధ్యలో విరమించినందులకు పడు లెక్కను ఒప్పుకొని దిగిపోవును. రైలు ఆగినదని వాని వంతునకు మినహాయింపు లేదు.

రమ్మీలోని వంతును దగ్గఱగా నిలిచి చూడవలయును. చాపచుట్టును నలుగురో ఆర్గురో కూర్చున్నారు. రెండు పేకలు కలిపి, ఒకడు కోయగా వేఱొకడు పంచెను. ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు. మిగిలిన కట్ట నడుమ, దాని క్రింద అడ్డముగా పెట్టిన జోకరు, ప్రక్కన తెఱచిన ముక్క యొకటి. మొదటివాడు తెఱచిన ముక్కనైన ఎత్తవలయును, కట్టలోని మూసిన ముక్కనైన ఎత్తవలయును. ఎత్తి తన చేతిలో అక్కఱలేని ముక్క నొకదానిని పడవేయవలయును. పడిన ముక్కపై హక్కు ఆ మఱుసటివానికి మాత్రమే. అది ఎదుటి కొసన కూర్చున్నవాని చేతిలోని వరుసకు సరిగా అతుకు ముక్కయైనను, వాడు గుటకలు మ్రింగుటయే గాని చేయి చాపరాదు. మఱుసటివాడు దానిని కాదని కట్టలోనుండి ఎత్తెనా, తాను పడవేసిన ముక్క దానిని కప్పివేయును; కప్పబడిన ముక్క ఆ చేతికి చచ్చినదే. తెఱచిన మొదటి ముక్కయే జోకరైనచో దానిని పుచ్చుకొను భాగ్యము మొదటివానికొక్కనికే యని సామాన్యనియమము. ఆవల ఎవడైన జోకరు పడవేసినను దానిని ఎత్తరాదు.

విరమించుటకును సమయము కలదు. తన వంతు వచ్చినప్పుడు, ముక్క ఎత్తకమునుపే చెప్పవలయును. ఒక్క ముక్కయు ఎత్తకుండ మొదటనే విరమించినవానికి తక్కువ నష్టము. నూటయొక్క పాయింట్ల ఆటలో అది 20. ఒకసారి ముక్క ఎత్తి ఆటలో దిగిన పిదప విరమించినచో 40. కట్టమీద చేయి తగిలినంతనే ఎత్తినట్లు భావింపవలయునని పట్టుబట్టువారు కొందఱు, ముక్క కనబడినగాని ఎత్తినట్లు కాదనువారు కొందఱు. ఈ వ్రేలి తాకిడి తగవులు ఎన్ని చాపలను చింపినవో! షో పట్టువాడు పదునాలుగవ ముక్కను మూసి పెట్టి తన పదమూడు ముక్కలను పఱచి చూపవలయును. అందు జోకరు సాయములేని సహజమైన వరుస యొకటి, దానినే లైఫు అందురు, లేకపోయినచో ఎన్ని అందమైన జతలున్నను వాని షో వ్యర్థము, ఫుల్‌కౌంటు 80 వాని నెత్తిన పడును. తొందరపడి వంతులేని వేళ షో అనినవాని కేకకు విలువ లేదు.

ఈ నియమములు పైకి పంతముల పట్టికవలె కనబడును గాని వాటి ఫలితము గంభీరమైనది. ప్రతి ముక్కయు అందఱి కన్నులయెదుట, తెలిసిన వరుసలో, తెలిసినవాని చేతినుండి పడుటచేత రమ్మీయందు ఒక చరిత్ర ఏర్పడుచున్నది. ప్రక్కవాడు ఇస్పేటు తొమ్మిదిని ఎత్తుకొనెను; రెండు చుట్లకు ముందు ఇస్పేటు అయిదును పడవేసెను; కావున వానికి ఏడు, ఎనిమిదిగాని, ఎనిమిది, పదిగాని, పది, జాకీలుగాని, లేదా వేఱు రంగుల తొమ్మిదులుగాని ఉండవలయునని నేర్పరి ఊహించును; తన చేతిలోని ఇస్పేటు ఎనిమిదిని బిగబట్టి, తనకు కొంత నష్టమైనను వానికి అక్కఱకు రాని ముక్కను వదలును. వంతుల వరుస చెడినచో ఈ ఊహకు ఆధారమే లేదు. మూడుముక్కలాటలోను, లోపలబయటలోను ముక్కలు పడును గాని చరిత్ర పుట్టదు.

రమ్మీ జూదమా, నేర్పుగల ఆటయా యని ధర్మాసనముల యెదుట నిలిచిన ప్రశ్నకు సరిగా ఇదియే మూలము. ఏలూరు సీమ మదరాసు రాజధానిలో నుండుటచేత 1930 నాటి మదరాసు గేమింగు చట్టము ఇచ్చట అమలులో నుండెను. నైజాము సీమలో ఫసలీ 1305 నాటి జూదపు చట్టము. సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషను క్లబ్బులో సభ్యులు పైకముతో రమ్మీ ఆడుచుండగా పోలీసులు పట్టుకొని అభియోగము మోపిరి. ఆ వ్యాజ్యము పైపైకి ప్రాకి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము – కె. సత్యనారాయణ అను పేర సుప్రీముకోర్టు చేరినది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదాయతుల్లాగారు వెలువరించిన తీర్పు పేకాడువారందఱికిని వేదవాక్యమైనది. ముక్కలు కలిపి పంచు నాటలన్నింటను అదృష్టాంశము కొంత ఉండక తప్పదనియు, బ్రిడ్జియందును అది కలదనియు, రమ్మీ మాత్రము మూడుముక్కలాటవలె కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియం దుంచుకొనుట, ఉంచుకొనవలసినవానిని ఉంచి వదలవలసినవానిని వదలుట ఇందు నేర్పునకు నిదర్శనములనియు ఆ తీర్పు సారాంశము. క్లబ్బు యజమాని ఆటనుండి లాభము గుంజినను, మఱియొక రూపమున జూదము నడచినను నేరము కాగలదని కూడ ఆ తీర్పు హెచ్చరించినది. ఆ హెచ్చరికను మఱచి మొదటి భాగమును మాత్రమే వల్లించినవారి సంఖ్య మన జిల్లాలలో తక్కువ కాదు. రమ్మీ పేర కొంపలు కూలినవి, పొలములు పోయినవి.

పడిన ముక్కను జ్ఞప్తియందుంచుకొనవలయునన్న ఆ మాటను నేను వంతుధర్మమునకు న్యాయస్థాన మొసగిన గుర్తింపుగా భావింతును. స్మృతి సాధ్యమగుటకు క్రమము కావలయును. క్రమమునకు వంతు కావలయును. రమ్మీని జూదమునుండి వేఱుచేసినది ముక్కలపైని బొమ్మలు కావు, వాటిని ఎత్తుటకును వదలుటకును ఏర్పడిన కాలనియమము.

ఇతరదేశములలోను మేధావులు ఈ నియమమును పదనుపెట్టుచునేయున్నారు. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ రూపొందించిన కాంట్రాక్టు బ్రిడ్జికి సంబంధించిన శాసనములలో, వంతు తప్పి ముక్క వేసినవానికి ఏ శిక్ష, ఎదుటివారికి ఏయే ఐచ్ఛికములు అను విషయము పుటలకొలది వ్యాపించినది. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డను గణితశాస్త్రవేత్త అమెరికాలో మేజిక్: ది గ్యాదరింగ్ అను పేర కొత్తరకపు ముక్కల యాటను సృష్టించెను. ఇందు ఆటగాండ్రు తమ కట్టలను తామే కొని, ఇచ్చిపుచ్చుకొని, కూర్చుకొందురు. ముక్కలపై మంత్రములు, భూతములు, శాపములు. ఎదుటివాని వంతు నడచుచుండగనే తాను అడ్డుపడి ప్రతిమంత్రము వేయుట ఇందు సాధ్యము. అట్లైనచో ఏది ముందు చెల్లవలయును? 1999నాటి నియమసంస్కరణములో దీనికొక పరిష్కారము స్థిరపడినది: ప్రకటించిన మంత్రములన్నియు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలుచును, మొదట పలుకు అవకాశము వంతు ఎవనిదో వానికి, పిమ్మట వరుసగా తక్కినవారికి, అందఱును తమ అవకాశమును వదలుకొన్నప్పుడే పేర్పులో పైనున్నది, అనగా కడపట పలికినది, ముందుగా ఫలించును. ముందుపలికిన మంత్రము తన వంతు వచ్చునప్పటికి దాని లక్ష్యమే చెడిపోయియున్నచో వ్యర్థమగును. ఈ నియమమును తెలిసికొన్నప్పుడు నాకు కౌరవసభ కన్నులకు కట్టినది. ముందుజరిగిన కార్యము తరువాతి కార్యము నడుగంట చెఱచునా లేదా యను ద్రౌపది ప్రశ్నయే వేఱొక వేషమున అట్లాంటిక్ సముద్రపు టావలియొడ్డున పుట్టినది. భీష్ముడు చెప్పలేకపోయిన సమాధానమును వీరు ఆటవఱకైనను నిర్ణయించి, వ్రాసి, అచ్చువేసి పెట్టినారు.

మనవారు వ్రాసి పెట్టలేదు. అక్కడనే చిక్కు వచ్చినది. మన నియమములన్నియు నోటి మాటలు. ఒక ఊరికి ఒక తీరు, ఒక చాపకు ఒక తీరు. రమ్మీ చేతిఫోనులోనికి ప్రాకిన తరువాత వంతును యంత్రమే కొలుచుచున్నది. గడువు మీఱినచో అడుగకయే ఆటగాని వంతును త్రోసివేయును, పదేపదే మీఱినచో వానిని ఆటనుండియే తొలగించును. చాపమీది ఆటలో తటపటాయించువానిని చూచి, వాని చేతిలో ఏమున్నదో ఎదుటివాడు కనిపెట్టెడివాడు. తడవు కూడ ఒక సంకేతమే. ఆ మానవాంశము యంత్రమున లేదు. పైగా అర్ధరాత్రియైనను ఆటకు ఎదుటివాడు దొరకునుగాన, వెలితి లేని వంతులలో యువకులు జీతములను, అప్పుతెచ్చిన సొమ్మును పోగొట్టుకొనిరి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను పైకముతో నడచు ఆన్‌లైను ఆటలను చట్టవిరుద్ధములు చేసినవి. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వమును అట్టి చట్టమునే చేసినది. ఈ నిషేధములు న్యాయమైనవని నా దృఢమైన అభిప్రాయము. నేర్పు గల ఆటయే యైనను, లేచిపోవుటకు వేళ యెఱుగని ఆట కుటుంబమునకు హాని.

అయితే పైకము పోయినంతమాత్రమున ఆట పోవలసిన పనిలేదు. పెదవేగినుండి కొల్లేటికోటవఱకు, ఏలూరు పాతపేటలనుండి తాడేపల్లిగూడెపు వీథులవఱకు, గుంటలాటలో, గవ్వలాటలో, పులిమేకలో, పైకము లేని పేకాటలో ఏ వంతు ఎప్పుడు చెల్లునో ఎప్పుడు మురుగునో ఖండితముగా చెప్పగల వృద్ధులు ఇంకను ఉన్నారు. కొల్లేటి లంకగ్రామములలో పెద్దింట్లమ్మ జాతరకు చేరిన ముసలివారిని పలుకరించినచో, ఒక్కొక్క ఆటకు తమ ఊరి కట్టుబాటేదో వారు పూసగ్రుచ్చినట్లు చెప్పగలరు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను ప్రకటించినప్పుడు ఆటలను చరిత్రకు తగిన వస్తువుగా స్వీకరించి దారి చూపిరి. ఆ దారిని ఈ జిల్లాలవారు అందిపుచ్చుకొనవలయును. పాఠశాలల ఉపాధ్యాయులు, గ్రంథాలయముల నిర్వాహకులు, చదువుకొన్న యువకులు తమ ఊరి పెద్దలయొద్ద కూర్చుండి, ఆట పేరు, పటము, కాయల సంఖ్య, మొదటి వంతు ఎవరిదో నిర్ణయించు పద్ధతి, వంతు మురుగు సందర్భములు, తగవు వచ్చినప్పుడు తీర్పరి ఎవరన్న విషయము వరుసగా వ్రాసికొని, ఊరి పేరును, చెప్పినవారి వయస్సును చేర్చి, తమ గ్రామ గ్రంథాలయమున ఒక ప్రతి ఉంచవలసినదిగా ప్రార్థించుచున్నాను. వచ్చు వేసవిలో కాలువలు కట్టివేసిన దినములందే ఈ పని యారంభింపవచ్చును.